శనివారం మంచం

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బుంది. ఎదుటివాళ్ల సంగతి పూర్తిగా తెలియకపోతే తిన్నది అరగదు. బోర్డింగ్ హౌస్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఇంకెలా ఉంటాను? ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న మోర్‌కాంబ్‌లో, సముద్రానికి రెండు వీధుల వెనక మా ఇల్లు. వేసవిలో మిల్లులు సెలవిచ్చి మూసే వారం నేతపనివాళ్లు పిల్లాపాపలతో వచ్చి దిగేవారు. ఏ మొగుడూ పెళ్లాలు మాటలు మానేశారో, ఎవరు గుడ్డులో పచ్చసొన వదిలేస్తారో, ఎవరి పెట్టెలో బట్టల కింద సీసా ఉందో, అన్నీ నాకు తెలిసేవి. వాళ్లకు మాత్రం మా గురించి ఏమీ తెలియదు. మెట్ల పక్కన "ప్రైవేట్" అని రాసిన తలుపొకటి ఉండేది. దాని వెనక మేముంటామని వాళ్లకు తెలుసు. ఎలా ఉంటామో ఏనాడూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ జనమంతా విమానమెక్కి ఎండ కాసే చోటికి పోతున్నారు. మా వీధిలో బోర్డింగ్ హౌస్‌లన్నీ అద్దె గదులైపోయాయి. అమ్మ పోయాక నేనూ అదే చేశాను. మొదటి అంతస్తులో నాలుగు గదులు, వాటన్నిటికీ కలిపి ఒక వంటిల్లు, ఒక బాత్‌రూమ్. మూడింటిలో ముగ్గురు మగాళ్లున్నారు. నాలుగోది ఉత్తరం వైపున్న చిన్న గది, ఎవరికీ నచ్చక ఖాళీగా పడి ఉండేది. ఆ పైన సొంత వంటిల్లున్న వాటా ఒకటి. కింద ప్రైవేట్ తలుపు వెనక నేను, బెరిల్ టాస్కర్‌ని. మా ఆయన పోయి చాలా కాలమైంది.

పై వాటాలో డీన్ బాంబర్ ఉండేవాడు. కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, ఆ కారవాన్లు తయారుచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక సూపర్‌మార్కెట్లో అరలు సర్దే పనికి కుదిరాడు. అది వారంలో సగం రోజులే. అద్దెలో పెద్ద భాగం ఊరి కౌన్సిల్ వాళ్లిచ్చే అద్దె సాయం నుంచి వచ్చేది, మిగిలింది తను వేసుకునేవాడు. నెమ్మదస్తుడు. మెట్లు దిగేటప్పుడు కూడా చప్పుడు చేయడు. అందుకే జనవరిలో ఒక పొద్దున అతను నా తలుపు తట్టగానే ఏదో జరిగిందని నాకు అర్థమైపోయింది.

"మిసెస్ టాస్కర్, ఒక్క నిమిషం ఖాళీ ఉందాండీ?"

"నిలబడి చెప్పేదైతే చెప్పెయ్. కూర్చుని చెప్పేదైతే కెటిల్ పెడతాను."

"కెటిల్ పెట్టండి," అన్నాడు.

కూర్చున్నాడు. కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు, తాగలేదు.

"మీరు పొమ్మనే ముందే నేనే చెప్పేస్తే మర్యాదగా ఉంటుందనీ... అద్దె సాయం రూలు మారిందండీ. ఇదివరకు పాతికేళ్లు దాటితే ఒంటరివాడికైనా చిన్న వాటాకి సరిపడా ఇచ్చేవాళ్లు. ఇప్పుడా పాతికని ముప్పై అయిదు చేశారు. అప్పటిదాకా ఒక్క గదికి సరిపడా మాత్రమే ఇస్తారంట. వంటిల్లూ బాత్‌రూమూ నలుగురితో పంచుకోవాలి."

"నీకెన్నేళ్లు?"

"ముప్పై రెండు."

"మరి ముప్పై అయిదో పుట్టినరోజు పొద్దున ఏం మొలుస్తుందంట, తోకా?"

నవ్వాడు గానీ నాకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ముప్పై నాలుగేళ్ల మనిషి పరాయివాడు కడిగిన మూకుట్లో గుడ్డు వేయించుకోగలడట, ముప్పై అయిదేళ్లవాడు వేయించుకోలేడట. ఎక్కడో ఒక గదిలో కొందరు కూర్చుని ఈ అంకె దగ్గర ఆగుదాం అనుకుని ఉంటారు. ముప్పై మూడు ఎందుకు కాదు, నలభై ఎందుకు కాదు? వాళ్లకు టీ ఇచ్చిన మనిషినైనా పట్టుకుని అడగాలనిపించింది.

బుధవారం మా ఆడపడుచు డోరీన్‌తో సముద్రపు ఒడ్డున టీ తాగడం మాకు అలవాటు. ఆమెవి నాలుగు ఇళ్లున్నాయి, నాలుగూ అద్దెకిచ్చింది. డీన్ సంగతి చెప్పాను.

"ఇందులో ఆలోచించడానికేముంది వదినా," అంది బన్నుకి వెన్న రాస్తూ. "వాణ్ని పంపించేసి పై వాటాని కూడా గదులు చెయ్యి. గదికింత అని వాళ్లిస్తామంటుంటే గదులు ఎక్కువుంటేనే మనకి లాభం. నేనైతే మేస్త్రీని కూడా పిలిచేశా. ఊళ్లో పడమటి వైపు, వెస్ట్ ఎండ్‌లో ఉన్న ఇంట్లో ముందు హాలుకి అడ్డంగా గోడ పెట్టిస్తున్నా."

"ఆ హాలుకి ఉన్నది ఒకటే కిటికీ కదే?"

"కిటికీ మధ్యలోకే వస్తుంది గోడ. సగం వాడికి, సగం వీడికి."

"తెరవాలంటే?"

"ఇద్దరూ మాట్లాడుకోవాలి. కుర్రాళ్లు కదా, స్నేహం కుదురుతుంది."

డోరీన్‌ని తిట్టాలనే అనుకున్నాను. కానీ అసలు మాట చెప్పాలి, నాకూ పై వాటా అద్దె కావాలి. వానొస్తే అటక మీద బకెట్లు పెట్టుకుంటున్న ఇల్లు మాది. డీన్ తెచ్చే గది అద్దెకి ఆ వాటా వదిలేస్తే నాకు గడవదు. అందుకని రెండురోజులు బుర్ర పెట్టి ఒక దారి కనిపెట్టాను. డీన్ ఉత్తరపు గదిలోకి దిగుతాడు. పై వాటా రిటైరైన ఒక బస్ డ్రైవరుకీ ఆయన భార్యకీ ఇస్తాను. ఎవరూ రోడ్డున పడరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

డీన్‌కి గది చూపించాను. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి పెట్టి చూశాడు.

"ఇక్కడ సందులోంచి గాలొస్తోందండీ."

"చూద్దాంలే," అన్నాను.

"మంచి గదే. థాంక్సండీ." తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. "మరి బ్రయొనీ?"

బ్రయొనీ అతని కూతురు. ఆరేళ్లది. డీన్‌తో విడిపోయిన వాళ్లమ్మ కర్స్టీ శనివారం సాయంత్రం తెచ్చి దింపేది, ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్లేది. మిగతా వారమంతా పై వాటాలో మనిషున్నాడా అన్నట్టుండేది. శనివారం మాత్రం నా తల మీద ధబధబా గెంతులే. ఏం చేస్తున్నారో తెలియక నా ప్రాణం ఉసూరుమనేది. చివరికి ఒకనాడు వంకపెట్టి పైకి వెళ్లి చూశాను. పరుపు నేలమీదికి దించి, దుప్పటి తెరచాప కట్టి, ఇద్దరూ ఓడ నడుపుతున్నారు. నన్ను సొరచేప అన్నారు.

ఉత్తరపు గదిలో ఆ ఓడ నడవదు. మెట్ల దగ్గర మా అమ్మ రాసి ఫ్రేమ్ కట్టించిన రూల్స్ ఇంకా అలాగే వేలాడుతున్నాయి. గదుల్లో రాత్రిపూట అతిథులు ఉండరాదు, అన్నది వాటిలో మొదటిది.

"మీ రూలు సరే, కర్స్టీ అసలే ఒప్పుకోదు," అన్నాడు డీన్. "తనని తప్పు పట్టడానికీ లేదు. ముగ్గురు మగాళ్లున్న అంతస్తులో ఒకే బాత్‌రూమ్ అంటే నా పిల్లని నేనే ఉంచను. శనివారం రాత్రి తనకి వృద్ధాశ్రమంలో డ్యూటీ. నా దగ్గర వీల్లేదంటే పిల్లని అంత దూరాన కార్లైల్‌లో వాళ్లమ్మగారింట్లో దింపుతుంది. అక్కడికి అలవాటు పడితే ఇక్కడికెందుకు వస్తుందండీ? ఎప్పుడైనా ఫోన్లో మాట్లాడే మనిషినైపోతాను దానికి."

ఇది మామూలు గొంతుతోనే అన్నాడు. నేనే అటు తిరిగి కిటికీ చూస్తున్నట్టు నిలబడ్డాను. నాకు చాలా బాధేసింది.

మర్నాడు అతన్ని వెంటేసుకుని కౌన్సిల్ ఆఫీసుకి వెళ్లాను. నాకేం పనని డోరీన్ అడిగింది. పనేం లేదు, తెలుసుకోవాలి, అంతే. మా వంతు వచ్చేసరికి కౌంటర్లో ఉన్న అమ్మాయి అప్పటికే అలిసిపోయి ఉంది.

"పిల్ల శనివారాలు ఇతని దగ్గర పడుకుంటుందమ్మా. మరి ఇతను ఒంటరివాడెలా అయ్యాడు?"

"పిల్ల లెక్క తల్లి ఇంట్లో ఉందండీ. ఒక పిల్లని రెండిళ్లలో లెక్కపెట్టరు."

"శనివారం రాత్రి తల్లి ఇంట్లో లేదు కదా."

"లేకపోయినా అక్కడున్నట్టే."

"ఇతని దగ్గరుంది కదా."

"ఉన్నా లేనట్టేనండీ."

"అయితే శనివారం రాత్రి ఆ పిల్ల ఎక్కడుందంటావు?"

ఆ అమ్మాయి కంప్యూటర్లో ఇంకో పేజీ తెరిచి, "మీరడిగినట్టు ఇంతవరకు ఎవరూ అడగలేదండీ," అంది. పాపం మంచిపిల్లే. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి కొన్ని నెలల పాటు అదనంగా కొంత ఇచ్చే నిధి ఒకటి ఉందనీ, అడిగేవాళ్లు చాలామంది, ఇచ్చేది కొద్దిమందికనీ చెప్పింది. డీన్ అడిగాడు. రాలేదు.

నెలాఖరుకి డీన్ పై వాటా ఖాళీ చేసి ఉత్తరపు గదిలోకి దిగాలి. కర్స్టీ కార్లైల్‌కి ఫోన్ చేసి వాళ్లమ్మతో మాట్లాడేసింది. డీన్ సామాన్లు సర్దుకుంటుంటే పైనుంచి అట్టపెట్టెలు జరుగుతున్న చప్పుడు వినబడేది. నేను కింద వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, ఇంట్లో ఇంకెక్కడ మంచం పడుతుందా అని ఆలోచించాను. సీజన్లో మా అమ్మ సరిగ్గా ఇలాగే ఆలోచించేది.

మా వీధిలో బోర్డింగ్ హౌస్ పిల్లలందరికీ ఇది తెలుసు. గదులన్నీ నిండాక కూడా ఇంకో కుటుంబం పెట్టెలతో గుమ్మంలో నిలబడితే లేదని చెప్పే ఇల్లాలు మా వీధిలో లేదు. ముందు అమ్మానాన్నల మంచం పోయేది, తర్వాత నాది. నాన్న పెరట్లో బొగ్గుల షెడ్డులో, అమ్మ వంటింటి బల్ల మీద, నేను బాత్‌టబ్‌లో చెక్క పలక వేసుకుని. పక్కింటి అమ్మాయి అల్మరాలో పడుకునేది. బడి తెరిచాక ఎవరెక్కడ పడుకున్నామో చెప్పుకుని గొప్పలు పోయేవాళ్లం. ఇంట్లోవాళ్లు ఎక్కడైనా పడుకుంటారు, వచ్చినవాళ్లకి మాత్రం మంచం ఇవ్వాలి. మా ఇళ్లలో ఇదొక్కటే మతం.

దుంప పక్కన పెట్టి, తడిచేతులతోనే పైకి వెళ్లాను.

"డీన్, శనివారం రాత్రి నువ్వూ బ్రయొనీ నా పడగ్గదిలో పడుకోండి. ప్రైవేట్ తలుపుకి లోపల్నుంచి గడియ ఉంది. బాత్‌రూమ్ నాది, ఇంకెవరూ రారు. కర్స్టీకి ఫోన్ చెయ్యి."

"మరి మీరు?"

"నీ గదిలో."

"ఆ గదిలోనా? వాళ్లతోనా?"

"వాళ్లేం నన్ను కొరుక్కుతినరులే."

డోరీన్‌కి చెబితే టీ గొంతుకి అడ్డంపడింది.

"అరవై ఎనిమిదేళ్లొచ్చాక ముగ్గురు మగాళ్లతో బాత్‌రూమ్ పంచుకుంటావా వదినా? మా అన్నయ్య వింటే సమాధిలోంచి లేచొస్తాడు."

"రానీ. ఆయన కూడా తువ్వాలుతో లైన్లో నిలబడతాడు."

"సోఫా ఉంది కదా. పిల్లని సోఫా మీద పడేసి, వాణ్ని కింద పడుకోమనొచ్చుగా. నీ మంచం ఎందుకిచ్చావు?"

నిజమే, సోఫా ఉంది. ఆ సంగతి నాకు తట్టనే లేదంటే నమ్మండి. మామూలు మనిషికెవరికైనా మొదట సోఫాయే గుర్తొస్తుంది. నేను తిన్నగా మంచం ఖాళీ చేసి, నన్నెక్కడ పెట్టుకోవాలా అని చూశాను. కానీ మాట ఇచ్చేశాక సోఫా అనడానికి నాకు నోరు రాలేదు. మా అమ్మ ఏ అతిథినీ సోఫా మీద పడుకోబెట్టలేదు.

ఆ శనివారం కర్స్టీ పిల్లని తీసుకుని తనే లోపలికొచ్చింది. మీద డ్యూటీ యూనిఫాం ఉంది. పడగ్గది చూసింది, గడియ వేసి తీసి చూసింది, దుప్పటి వాసన చూసింది. డీన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"సరే. వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే కార్లైల్ మాట మానేస్తాను," అంది. పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

డీన్ సంచి పట్టుకుని లోపలికెళ్లాడు. బ్రయొనీ మాత్రం కదల్లేదు. నా మంచం వంక చూసింది, నా చేతిలో ఉన్న నైట్‌గౌను వంక చూసింది.

"మామ్మా, నీ మంచం మాకిచ్చేస్తే నువ్వెక్కడ పడుకుంటావ్?"

ఎన్ని వేసవులు, ఎంతమంది జనం, వాళ్లకి నేను మోసిన టీ ట్రేలు ఎన్ని. నా మంచం మీద పడుకుని లేచి, గుడ్డు సరిగా ఉడకలేదని చెప్పినవాళ్లున్నారు గానీ, ఈ ఒక్క ముక్క అడిగినవాళ్లు లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడ్చానంటే పిల్ల భయపడుతుందని, చెయ్యి పట్టుకుని, "రా, చూపిస్తాను," అన్నాను.

డీన్ కూడా మా వెనకే వచ్చాడు. ఉత్తరపు గదిలో బ్రయొనీ మంచం మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి చూసింది. అది మధ్యలో గుంటపడి ఉంది. తర్వాత కిటికీ దగ్గరికెళ్లింది. డీన్ అంతకుముందే సందుల్లో న్యూస్‌పేపరు మడిచి కూరాడు. ఆ కాగితం అంచు గాలికి రెపరెపలాడుతోంది. పిల్ల అక్కడ చెయ్యి పెట్టింది.

"ఇక్కడ చలేస్తుంది. మా నాన్న ఇంటావిడకి చెప్పాడు. ఆవిడ చూద్దాంలే అంది."

"బ్రయొనీ," అన్నాడు డీన్.

"నువ్వే కదా ఇంటావిడవి?" అని నన్నడిగింది.

"అవును, నేనే."

"అయితే ఇప్పుడు నీకు నువ్వే చెప్పుకోవాలి."

డీన్ మొహం ఎర్రబడింది. నాకు నవ్వొచ్చింది. వాళ్లని కిందికి పంపించి మంచం మీద కూర్చున్నాను.

కాసేపు బాగానే గడిచింది. పక్కగదాయన తలుపు తట్టి, బాత్‌రూమ్ ముందు మీరే వాడుకోండని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడకి అవతల ఎవరో ఫుట్‌బాల్ చూస్తున్నారు, ఇంకెవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. ఇన్నేళ్లూ కిందనుంచి చప్పుళ్లు విని నేను ఊహించుకున్నవన్నీ ఇక్కడ ఎదురుగా ఉన్నాయి. చాలా తప్పుగా ఊహించుకున్నానని తెలిసి సరదా వేసింది. రోజూ ఏడుస్తున్నాడనుకున్న మనిషి పాటలు నేర్చుకుంటున్నాడు.

ఎనిమిదింటికి, గోడవార గదిని వేడిచేసే రేడియేటరు టక్‌మని ఆగిపోయింది. ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది, రోజూ ఎనిమిదింటికి దాన్ని ఆపేది నేనే. మా అమ్మ కాలం నుంచీ అంతే. దానికి గడియారం పెట్టించాక ఆ పని అదే చేస్తోంది. కిందనేమో నాకు వేరే గ్యాస్ హీటరుంది. గది తొందరగానే చల్లబడిపోయింది. కోటు వేసుకున్నాను, మేజోళ్లు వేసుకున్నాను, డీన్ దుప్పటి కప్పుకున్నాను. న్యూస్‌పేపరు రెపరెపలాడుతూనే ఉంది. పక్కగదిలో ఫుట్‌బాల్ చూస్తున్నాయన దగ్గాడు. ఆ దగ్గు కింద నాకు ఏళ్లుగా వినబడుతూనే ఉంది. సిగరెట్లు తాగుతాడనుకున్నాను.

పై గదుల రేడియేటర్లన్నిటికీ స్విచ్చు నా వంటింట్లో ఉంది, ప్రైవేట్ తలుపుకి ఆ వైపు.

కోటుతోనే మెట్లు దిగాను. మా అమ్మ రూల్స్ పక్కనుంచి వెళ్లి, నా తలుపు ముందు నిలబడ్డాను. ఈ తలుపుని ఇటు వైపు నుంచి తట్టాల్సిన అవసరం నాకు పుట్టి బుద్ధెరిగాక రాలేదు. లోపల గెంతులు వినబడుతున్నాయి. ఓడ బయల్దేరినట్టుంది. తట్టాను.

గెంతులు ఆగాయి.

"ఎవరు?" అంది బ్రయొనీ.

"పై గదిలో ఉన్నావిడని."

"ఏం కావాలి?"

"చలిగా ఉంది. కాస్త రేడియేటరు వేస్తారా?"

లోపల గుసగుసలాడుకున్నారు. డీన్ వద్దు వద్దంటున్నాడు. తర్వాత ఆ పిల్ల తలుపుకి దగ్గరగా వచ్చి, అచ్చం నా గొంతు పెట్టి చెప్పింది.

"చూద్దాంలే."

నేను చలిలో నా తలుపు బయట నిలబడ్డాను. ఒక్క క్షణమే. అంతలోనే డీన్ పరుగెత్తుకెళ్లి స్విచ్చు వేసిన చప్పుడు వినబడింది. గోడల్లో పైపులు ఒక్కొక్కటీ కదిలి, వేడి మొదటి అంతస్తుకి పాకింది. పైన దగ్గుతున్నాయన తలుపు తీసి, "ఏమైందివాళ? ఎవరైనా చచ్చిపోయారా?" అని అరిచాడు.

"లేదు, ఇంటావిడకి చలేసింది," అన్నాను మెట్ల కిందనుంచి.

సోమవారం పొద్దున్నే కిటికీలు బాగుచేసే మనిషికి ఫోన్ చేశాను. అతను, ఈ వారం తీరిక లేదు, చూద్దాంలే అన్నాడు. శనివారంలోపల కావాలని చెప్పాను. ఎందుకంత తొందరని అడిగాడు. శనివారం ఆ గదిలో నేను పడుకుంటానని చెప్పాను.